కరగం దిగిన వాకిలి

ఆ ఏడు చెరకు మిల్లు మూసే ముందు వచ్చిన చివరి శనివారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు, తల మీద అమ్మవారి కరగం కడవ ఉండగా నేను నోరు తెరిచాను. టైము నాకు తెలిసి చెప్పడం లేదు. అప్పటికి నాకు గడియారం చూడడం రాదు, అక్షరం ముక్క రాదు. మా వెంట వచ్చిన మాస్టారు చేతి గడియారం చూసి తన పుస్తకంలో రాసుకున్నారు. యాభై రెండో ఏట గుడిలో శనివారం క్లాసులో చిన్నపిల్లల పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాక, ఆ పుస్తకం అడిగి తీసుకుని కూడబలుక్కుని చదివాను. రెండు ఇరవై. కింద ఒక గీత. ఇంకేమీ లేదు. ఆయన రాయనిది నేను రాస్తున్నాను.

మాది లంబాసా దగ్గర వునిమోలి. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి కొన్నేళ్ళయింది. మొగుడు పోయాక నేను పుట్టింటికి వచ్చేశాను. ఇంట్లో మా అమ్మ, అన్న, వదిన, వాళ్ళ పాప, నా తమ్ముడు. తమ్ముడికి మతి చెడింది. చెరకులో మాటలు వినిపిస్తున్నాయనేవాడు. మొదట అందరం నవ్వాం. తర్వాత వాడు ఆ మాటలకు జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరోజు పక్కింటాయన చెరకుకు నిప్పు పెట్టి, మాటలు ఆగిపోయాయని చెప్పి ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. కుడి పాదం కాలి ఉంది. తినేదాకా ఆ సంగతి వాడికే తెలియదు.

కేసు అయింది. చెరకు ఆడడం అయ్యాక వచ్చే ఓడలో వాణ్ణి సువాలోని పెద్ద ఆసుపత్రికి పంపాలని మేజిస్ట్రేటు రాశాడు, అందాకా ఇంట్లోనే ఉంచమన్నాడు. అక్కడ మంచిగానే చూసేవారేమో, నాకు తెలియదు. మా వైపు నుంచి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం నేను చూడలేదు, అంతే.

టౌను దగ్గర మతి చెడినవాళ్ళకు మందిచ్చే ఇల్లు ఒకటి ఉండేది. రెండు గదులు. ఫిజియన్ నర్సమ్మ ఒకామె నడిపేది. పొద్దున వెళ్ళి మందు తీసుకుని నాలుగింటికి ఇంటికి రావాలి, రాత్రి ఉండడానికి చోటు లేదు. మంచాలు వేసే గదులు రెండు కడితే నీ తమ్ముణ్ణి ఓడ ఎక్కించకుండా ఇక్కడే ఉంచమని నేను మేజిస్ట్రేటును అడుగుతాను అని ఆమె నాతో చెప్పింది. సర్కారు ఆఫీసువాళ్ళేమో, కర్రకూ రేకుకూ సగం మీరు పోగు చేయండి, మిగతాది మేం చూస్తాం అన్నారు.

మాస్టారు, నర్సమ్మ రసీదు పుస్తకం పట్టుకుని వునిమోలి అంతా తిరిగారు. పక్కనున్న టాబియా ఊరి దాకా వెళ్ళారు. టీ ఇచ్చారు, నిమ్మకాయలు ఇచ్చారు. డబ్బు ఇవ్వలేదు. ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే మాట: "మా ఇంట్లో అట్లాంటోళ్ళు లేరు మాస్టర్. ఉన్నోళ్ళని అడగండి." ఒకావిడ ఇంకా నేరుగా చెప్పింది: "ఈ ఊరికి ఉన్న పిచ్చోడు ఒక్కడే. వాడు ఓడ ఎక్కుతుండాడు. ఇంక గదులు ఎవరికి?" నేను గుమ్మం బయటే ఉన్నాను. నేనున్నానని ఆమెకు తెలుసు.

అప్పుడు అమ్మవారి గుడి పూజారి ఒక మాట అన్నాడు. ఆయనకు ఎనభై దాటాయి, సగం పళ్ళు లేవు. "అమ్మ కరగం ఎందుకు తిరుగుతుంది? రోగం వస్తే తిరుగుతుంది. మసూచికానికి మా తాత తిప్పినాడు. ఇదీ రోగమే గదా. పుస్తకం పెట్టి అడిగితే ఎవురిస్తారు మాస్టర్, కరగం పెట్టి అడుగు."

మా కరగం పద్ధతి చెప్పాలి. మోసే మనిషి ఉపవాసం ఉండాలి, మాట్లాడకూడదు. కడవ మీద నుంచి వేపమండలు ముఖం మీదికి వేలాడతాయి. కాళ్ళ ముందు రెండడుగుల నేల తప్ప ఏమీ కనబడదు. ప్రతి ఇంటి ముందు ఆగినప్పుడు ఇంటి పెద్ద వచ్చి తమకు తోచింది డబ్బాలో వేసి, ఎన్ని పసుపు పొట్లాలు కావాలో చెప్పాలి. ఇంట్లో ఎన్ని తలలుంటే అన్ని పొట్లాలు. తక్కువ చెబితే ఆ మిగిలిన తల ఏడాదంతా అమ్మ చూపు బయట ఉంటుంది. అందుకని రసీదు పుస్తకానికి అబద్ధం చెప్పేవాళ్ళు కరగానికి చెప్పరు. ఇది పూజారికి తెలుసు. మాకెవరికీ తట్టలేదు.

మొక్కు నాది, మోసేది నేనే అన్నాను. డప్పు కొట్టడానికి చెరకు లారీ డ్రైవరు వచ్చాడు. "అక్కా, పొద్దుటినుంచి సాయంత్రం దాకా మాట్లాడకుండా ఉండాల. నీ వల్ల అయితాదా?" అన్నాడు. "బావ బతికి ఉంటే ఈ పొద్దు పండగ చేసుకునేటోడు." కరగం ఇంకా తలకెత్తలేదు కాబట్టి తిట్టాల్సింది తిట్టాను. అదే ఆఖరు మాట అనుకున్నాను.

పొట్లాల బుట్ట నర్సమ్మ పట్టుకుంది. బూట్లు విప్పి యూనిఫారం మీదే వచ్చింది. మాస్టారి దగ్గర డబ్బా.

ఆ రోజు గాలి లేదు. ఎక్కడో చెరకు కాల్చారు. నల్లటి మసి గాలి లేకుండానే పైనుంచి దిగుతోంది, నా పసుపు చీర కొంగు మీద పడి కదలకుండా ఉంటోంది. మైనాలు కూడా అరవడం లేదు.

మొదటి ఇల్లు. వేపాకు కింద నుంచి నాకు కనబడింది మూడు జతల పాదాలు. ఒక ఆడమనిషివి, ఒక మగమనిషివి, ఒక పిల్లవి.

"ఎన్ని తల్లీ?" పూజారి అడిగాడు.

"నాలుగు."

పొలంలో ఎవరో ఉండి ఉంటారు అనుకున్నాను.

రెండో ఇల్లు. ఆరు జతల పాదాలు. "ఏడు," అంది ఒక ముసలి గొంతు. డ్రైవరు డప్పు ఆపాడు. ఆపిన తర్వాత కూడా డప్పు వినిపించింది. ఇంటి వెనక నుంచి, రేకు మీద అరచేత్తో కొడుతున్నట్టు. అదే దరువు. ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి. డ్రైవరు పాదాలు ఒక అడుగు వెనక్కి పడడం చూశాను. ఇంటివాళ్ళ ఆరు జతల పాదాల్లో ఒక్కటీ కదలలేదు. ఆ చప్పుడు వాళ్ళకు వినబడనట్టే నిలబడ్డారు. ముసలామె ఏడు పొట్లాలూ కొంగులో వేసుకుంది. మేం గేటు దాటేదాకా రేకు మోగుతూనే ఉంది.

మూడో ఇల్లు ఇద్దరు ముసలివాళ్ళది. పిల్లలు లేరని ఊరంతా ఎరుగుదుం. సిమెంటు అరుగు మీద రెండు జతల పాదాలు.

"మూడు," అన్నాడు ముసలాయన.

నర్సమ్మ ఆగింది. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు. "మూడోది కౌన్ కే వాస్తే, నానీ?" అంది. ఎవరి కోసం అని.

"ఉంటారులే అమ్మా," అంది ముసలామె. "ఇయ్యి."

అప్పుడు చూశాను. ఆ రెండు జతల పాదాల మధ్య, సిమెంటు మీద తడి అడుగులు. స్నానం చేసి తుడుచుకోకుండా నడిచిన అడుగులు. లోపల నుంచి వచ్చి, నా ముందు దాకా వచ్చి, అక్కడ ఆగాయి. వెనక్కి వెళ్ళిన గుర్తు లేదు. ఎండకు మడమ వైపు నుంచి ఆరిపోతూ వచ్చాయి, ఆఖరికి వేళ్ళు మాత్రం మిగిలాయి. కడవలో నీళ్ళు తొణికి నా చెవి మీద పడ్డాయి. నేను కదలలేదు.

తర్వాతి వారం నర్సమ్మ మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది. ఇల్లంతా చూపించారు. ఎవరూ లేరు. ఉన్నారని నేను అనడం లేదు. చూసింది రాస్తున్నాను.

ఇల్లు ఇల్లుకూ అంతే. పాదాల కన్నా పొట్లాలు ఒకటి ఎక్కువ. ఒక ఇంట్లో రెండు ఎక్కువ. అన్ని ఇళ్ళలోనూ కాదు, ప్రతి మూడిళ్ళలో ఒకటి అనుకోండి. కానీ అవన్నీ నేను పుట్టినప్పటి నుంచి తిరిగిన వాకిళ్ళు. పెళ్ళిళ్ళలో వంట చేసిన ఇళ్ళు. అట్లాంటోళ్ళు లేరని మాస్టారికి టీ ఇచ్చి పంపిన ఇళ్ళు. ఆ ఇళ్ళలో ఇన్నాళ్ళూ నేను ఎవరి పక్కన కూర్చున్నానో, ఏ గోడ వెనక ఎవరు నా మాటలు విన్నారో తలుచుకుంటే ఎండలో ఒళ్ళు చల్లబడింది. డ్రైవరు జోకులు మానేశాడు. మాస్టారు గొంతు సవరించుకోవడం మానేశారు. డబ్బా మాత్రం బరువెక్కుతోంది.

మా ఇంటికి వచ్చాం. నేను బయటే మాట్లాడకుండా నిలబడ్డాను. మోసే మనిషికి పొట్లం వేరే కడతారు కాబట్టి మా ఇంటి లెక్కలో నేను లేను. అంటే ఐదు రావాలి.

పాదాలు చూశాను. మా అమ్మవి, పగుళ్ళతో. అన్నవి. వదినవి. పాపవి. వాటి వెనక, గుమ్మం నీడలో, ఇంకో జత. కుడి పాదం మీద కాలిన చర్మం మెరుస్తోంది. వాడు లేచి వచ్చి వాళ్ళ వెనక నిలబడ్డాడు. వాళ్ళెవరికీ తెలిసినట్టు లేదు.

"ఎన్ని వదినా?" పూజారి అడిగాడు.

"నాలుగు," అంది మా అమ్మ.

పూజారి వెంటనే ఇవ్వలేదు. "నాలుగేనా?"

"నాలుగే. నీళ్ళు దాటేటోడికి పొట్లం కడితే తిరిగి రాడు. కట్టకూడదు."

పొద్దుటి నుంచి లెక్క తేడా వచ్చిన ఇళ్ళన్నిటిలో పాదాల కన్నా పొట్లాలు ఎక్కువ. మా ఇంట్లో పొట్లాల కన్నా పాదాలు ఎక్కువ. ఆ కాలిన పాదం చూస్తూ ఉండగానే అది ఒక అంగుళం వెనక్కి, చీకట్లోకి జరిగింది. వాడు విన్నాడు.

"ఐదు," అన్నాను.

డప్పు ఆగింది. నా గొంతు నాకే వేరే ఎవరిదో అనిపించింది. తెల్లారినప్పటి నుంచి మాట్లాడని గొంతు కదా, బొంగురుగా, కింద నుంచి వచ్చింది.

"నోరు తెరిచినావా," అంది మా అమ్మ. కోపం లేదు. భయపడింది.

"ఐదు అమ్మా. వాడు ఎక్కడికీ పోడు. ఐదు తీసుకో."

మోసే మనిషి మాట్లాడితే కరగం అక్కడే దించాలి. పూజారి, డ్రైవరు కలిసి నా తల మీద నుంచి దించి మా వాకిట్లో పెట్టారు. ఆ రోజుకు మళ్ళీ ఎత్తడానికి లేదు. మాస్టారు గడియారం చూసుకున్నారు.

"ఇంకా పదకొండు ఇండ్లు ఉండాయి," అన్నారు నా వైపు చూడకుండా. "చాలకపోతే గది లేదు. గది లేకపోతే ఎవరు పోతారో నీకు తెలుసు గదా." ఆ మాట నిజం. నేను నా తమ్ముడి కోసం మాట్లాడి, నా తమ్ముడి గదినే పోగొట్టానేమో. కరగం పక్కనే కింద కూర్చున్నాను.

"పోదాం పా మాస్టర్, కూర్చో," అన్నాడు పూజారి, వెళ్ళాలో కూర్చోవాలో తేల్చకుండా. తర్వాత చెప్పాడు. "దిగిన కరగం ఇంటికి పోదు. ఇండ్లే రావాల. మా తాత కాలంలో ఒకసారి అయింది."

"వస్తారా?"

"పొట్లం వద్దనుకునేటోళ్ళు రారు. ఇంకోటి మాస్టర్. ఇంటి ముందర అయితే పెద్ద ఒకరు వచ్చి అందరికీ తీసుకోవచ్చు. దిగిన కరగం దగ్గర అట్ల కుదరదు. ఎవరి పొట్లం వాళ్ళే, వాళ్ళ చేత్తోనే తీసుకోవాల."

మాస్టారు హిందీలో చెప్పగానే దాని అర్థం ముందు నర్సమ్మకే తెలిసింది. ఆమె బుట్ట కింద పెట్టి, రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. మా అన్నను పంపి మిగిలిన ఇళ్ళకు కబురు చెప్పించాం.

తమ్ముడు బయటికి వచ్చి కరగం పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎవరూ వద్దనలేదు. చాలాసేపు ఎవరూ రాలేదు. చెరకు మధ్య బాట తెల్లగా, ఖాళీగా ఉంది. మసి పడుతూనే ఉంది.

"వస్తుండారు," అన్నాడు వాడు.

బాట మీద ఎవరూ లేరు. మాస్టారు లేచి చూసి మళ్ళీ కూర్చున్నారు. వాడు ఎప్పుడూ అనే మాటే అది. చెరకులోంచి వస్తున్నారని రెండేళ్ళుగా అంటున్నాడు.

"చానా మంది," అన్నాడు.

కొంతసేపటికి చెరకు మలుపు తిరిగి మనుషులు కనబడ్డారు. మాటలు లేవు, పాటలు లేవు, చిన్నపిల్లలు కూడా గట్టిగా మాట్లాడడం లేదు. ఒక్కో ఇంటివాళ్ళు ఒక్కో గుంపుగా, గుంపు మధ్యలో ఒకరిని పెట్టుకుని నడుస్తున్నారు. ఆ మధ్యలోని మనుషుల మీద దుప్పట్లు. ఎండ కళ్ళలో పడకుండా. ఒక కుర్రాడి నడుముకు తాడు, తాడు కొస వాళ్ళమ్మ చేతిలో. ఒక పిల్ల మునివేళ్ళ మీద నడుస్తోంది. ఒకాయన గడ్డం బొడ్డు దాకా ఉంది. నాతో పాటు చిన్నప్పుడు రొయ్యలు పట్టినవాడు. చచ్చిపోయాడనుకున్నాను. ఎవరైనా చెప్పారో, నేనే అనుకున్నానో గుర్తు లేదు.

మా ఊరివాళ్ళే. కానీ ఆ ఎండలో, ఆ బాట మీద, పాతిపెట్టినవాళ్ళను లేపి తెస్తున్నట్టు ఉంది. మా వదిన పాపను ఎత్తుకుని లోపలికి వెళ్ళి, మళ్ళీ తనే బయటికి వచ్చింది.

ఆఖరున పక్కింటాయన వచ్చాడు. తమ్ముడు కాల్చింది ఈయన చెరకే. కోర్టులో మా వైపు వేలు పెట్టి చూపినవాడు. వెంట ఆయన పెళ్ళాం. ఆమె తవువాలో పుట్టింట్లో ఉందని నాలుగేళ్ళుగా చెప్పాడు. తవువా ఉన్నది ఇంకో దీవిలో, ఎవరు వెళ్ళి చూసొచ్చారు. మా వంటింటి గోడకూ ఆయన వెనక గదికీ మధ్య నాలుగు అరటిచెట్లు, అంతే. నాలుగేళ్ళు.

ఆమె కరగం ముందు కూర్చుని, పొట్లం తీసుకోకుండా నా తమ్ముణ్ణి చూసింది.

"పొగ పెట్టింది నువ్వేనా?"

"ఊఁ," అన్నాడు వాడు.

"మంచిది. ఆ పొద్దు తలుపు తీసినారు."

పక్కింటాయన నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమె చెయ్యి చాపింది. పొట్లం నర్సమ్మ ఇవ్వబోతే తమ్ముడే బుట్టలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత తనకొకటి తీసుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. మా అమ్మ అది చూసి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. తిరిగి రావాలనే కదే నాలుగు అన్నాను అని ఆ రాత్రి నాతో అంది. నువ్వు చెప్పావు కాబట్టి నువ్వే చూసుకో అని కూడా అంది. చూసుకున్నాను.

డబ్బా ఎంత నిండిందో మాస్టారికి తెలుసు. సగం గదికి కూడా డబ్బు రాలేదని ఒకసారి, సరిపోయిందని ఒకసారి చెప్పారు. పక్కింటాయన నర్సమ్మను అడిగింది మాత్రం నేను విన్నాను: "ఆ రూములు కబ్ బనేగా?" ఎప్పుడు కడతారు అని. సోమవారం ఆయనే నర్సమ్మ వెంట కోర్టుకు వెళ్ళి, ఈ మనిషిని ఇక్కడే ఉంచితే నాకు అభ్యంతరం లేదని వేలిముద్ర వేశాడు. మాతో మాత్రం చచ్చేదాకా మాట్లాడలేదు. చెరకు నష్టం చెరకు నష్టమే. అది నేను తప్పు పట్టను.

ఓడ వాడు లేకుండానే వెళ్ళింది. మందిచ్చే ఇంటికి గదులు వచ్చాయి. ముందు రేకు వేశారు, గోడలు తర్వాత లేచాయి. గోడల్లేని గదిలో మొదటి మంచం నా తమ్ముడిది, రెండోది పక్కింటామెది, మధ్యలో చీర తెర. వాడికి పూర్తిగా నయం కాలేదు. మాటలు వినిపించేవి. వినిపించినప్పుడు నర్సమ్మకు చెప్పేవాడు, చెరకుకు చెప్పేవాడు కాదు.

ఆ రోజు మా వాకిట్లో ఉన్నవాళ్ళను రాసి ఆపుతాను. పేర్లు రాయను, వాళ్ళ మనవరాళ్ళకు పెళ్ళిళ్ళు కావాలి. పూజారి. మాస్టారు. డప్పు కొట్టిన లారీ డ్రైవరు. బూట్లు లేని నర్సమ్మ. తాడు కట్టిన కుర్రాడు, వాళ్ళమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు. మునివేళ్ళ మీద నడిచే పిల్ల, ఆమె తాత. రొయ్యలు పట్టినవాడు, వాడి అన్నదమ్ములు ముగ్గురు, వాళ్ళ భార్యలు. దుప్పటి తీయనివాళ్ళు నలుగురు. ఎవరో నాకు తెలుసు. వాళ్ళను పట్టుకుని వచ్చినవాళ్ళు. ఏ ఇంటి గుంపులోనూ లేకుండా వచ్చి పొట్లం తీసుకుని వెళ్ళిన ఒక ఆడమనిషి. ఎవరని ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. పక్కింటాయన, ఆయన భార్య. మా అన్న, వదిన, పాప. మా అమ్మ. నా తమ్ముడు. నేను.